ఏసీ గది బిగించేస్తే గాలి ఎటునుంచి రావాలి? యూపీవీసీ, ఫాల్స్ సీలింగ్, కూల్ రూఫ్ పనులు (నెల్లూరు)

దర్గామిట్ట_పైమేడ:
అందరికీ నమస్కారం. నెల్లూరులో పై పోర్షన్, నెత్తిన స్లాబు తప్ప ఇంకేం లేదు. వెయ్యి అడుగులు, రెండు బెడ్రూములు. వేసవి బిల్లు తగ్గించడానికి కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్ ఇట్టా ఉంది: మిద్దె మీద తెల్ల కూల్ రూఫ్ కోటింగ్ రెండు పూతలు. పాత టేకు కిటికీలు తీసేసి రబ్బరు గ్యాస్కెట్ ఉన్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు. బెడ్రూముల్లో 9 అడుగుల ఎత్తున జిప్సం ఫాల్స్ సీలింగ్. దానికి అడ్డం వచ్చే వెంటిలేటర్లు ఇటుకతో మూసేయడం. బెడ్రూం తలుపుల కింద రబ్బరు పట్టీ. వంటింట్లో చిమ్నీ. బెడ్రూం 12×12, 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, పడుకునేది ఇద్దరు. అటాచ్డ్ బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. ఇంకా పని మొదలుపెట్టలా. వీటిల్లో ఏది బిల్లు తగ్గిస్తది, ఏది గాలి ఆడకుండా చేస్తది?

కోవూరు_సివిల్:
ముందు గీజర్ సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. దాని గురించి తెలిసినవాళ్ళు కింద రాస్తారు, నేను స్లాబు మాట చెప్తా.

మీ కొటేషన్‌లో రెండు రకాల పనులు కలిసిపోయి ఉన్నాయి. కోటింగ్ ఎండను ఆపుతుంది. కిటికీలు, వెంటిలేటర్లు, తలుపు పట్టీ గాలిని ఆపుతాయి. పై పోర్షన్‌లో వేడి ఎక్కువ భాగం స్లాబు నుంచే దిగుతుంది కాబట్టి మొదటి రూపాయి అక్కడే పెట్టండి. దానివల్ల లోపలి గాలికి వచ్చే నష్టం ఏమీ లేదు.

స్లాబుకు 50 మి.మీ. మందం, వేడిని ఆపే గట్టి నురుగు పలక, అంటే ఎక్స్‌పీఎస్ బోర్డు పైన వేస్తే వేడి ప్రసారం ఆరింట ఒక వంతుకు పడిపోతుంది. ఉత్త ఆర్సీసీకి యూ-వాల్యూ (వేడి ఎంత దాటుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 3కి పైనే, బోర్డుతో 0.5 దగ్గరకు వస్తుంది. ఇళ్ళ కోసం కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన నిర్మాణ నియమావళి ఎకో నివాస్ సంహిత పైకప్పుకు పెట్టిన హద్దు 1.2. వరస ఇది: పగుళ్ళు పూడ్చడం, వాటర్‌ప్రూఫింగ్, దాని మీద ఎక్స్‌పీఎస్, పైన జాలీ వేసి స్క్రీడ్ (పల్చటి సిమెంటు పొర) లేదా తెల్ల టైల్స్. బోర్డు మీద వాటర్‌ప్రూఫింగ్ వేసి, కింద స్లాబును వదిలేసే మేస్త్రీలున్నారు. నీళ్ళు బోర్డు కింద చేరితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అవి బయటికి పోవు.

డబ్బు తక్కువైతే తెల్ల కోటింగ్ చాలు. అది వేసే ముందు స్లాబును ప్రెషర్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాలి. దుమ్ము మీద వేసిన పూత రెండో ఏడాదికి పొలుసులు పొలుసులుగా లేస్తుంది. ఏటా మార్చిలో ఒకసారి కడిగితే తెలుపు నిలుస్తుంది. ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు బొగ్గు దుమ్ము, బూడిద ఎక్కువ కాబట్టి అక్కడ రెండుసార్లు. సున్నంలో ఫెవికాల్ కలిపి కొట్టడం కూడా పనిచేస్తుంది. కాకపోతే ఈశాన్య రుతుపవనాల్లో కొట్టుకుపోతుంది, మళ్ళీ ఫిబ్రవరిలో కొట్టుకోవాలి.

ఒంగోలు_హెచ్‌వీఏసీ:
స్లాబు మాట సరిగ్గా చెప్పారు. ఇక గాలి లెక్క.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పాత విండో ఏసీలకు కనీసం ఒక చిన్న గాలి తలుపు, దానికో పుల్ల ఉండేవి. టేకు కిటికీ రెక్కల సందులు, వెంటిలేటర్ అద్దం పక్క సందు, తలుపు కింద సందు, ఇన్నాళ్ళూ మీకు తెలియకుండా గాలి తెచ్చింది ఇవే. కొటేషన్‌లో ఈ మూడూ ఒకేసారి పోతున్నాయి.

9 అడుగుల సీలింగ్‌తో మీ గది ఘనపరిమాణం దాదాపు 37 ఘనపు మీటర్లు. నిద్రపోయే మనిషి గంటకు 13 లీటర్ల చొప్పున కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, ఇద్దరికి 26. గాలి అసలు మారకపోతే గంటకు 700 పీపీఎం (పది లక్షల్లో 700 వంతులు) చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420 దగ్గర. గ్యాస్కెట్ కిటికీలు, పట్టీ బిగించిన తలుపు ఉన్న గదిలో గంటకు గదిలోని గాలిలో 0.4 వంతు మారుతుందనుకుంటే తెల్లారేసరికి 2,000 దాటుతుంది. ఆ స్థాయిలో అది విషమేమీ కాదు. కానీ గది గాలి ఎంత మారుతోందో చెప్పే కొలత అదే. అది పెరిగిందంటే చెమట తేమ, ఫర్నిచర్ వాసన, ఒకరి జలుబు ఇంకొకరికి అంటించే తుంపర్లు కూడా అదే నిష్పత్తిలో లోపల నిలిచినట్టు.

1,000 దగ్గర ఆపాలంటే ఇద్దరికీ కలిపి గంటకు 45 ఘనపు మీటర్లు కావాలి, అంటే 26 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే పెట్టిన 62.2 ప్రమాణంలోని సూత్రం ఇల్లు మొత్తానికి చెప్తుంది: చదరపు అడుగుకు 0.03 సీఎఫ్ఎం, దానికి బెడ్రూముల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో గుణించినది. మీ ఇంటికి 30 + 22.5, అంటే 52.5 సీఎఫ్ఎం.

ఉలవపాడు_తోట:
అంటే ఏసీ వేసి చల్లబరిచిన గాలిని బయటికి తోసేసి, వేడి గాలి లోపలికి తెచ్చుకోమనా? ఇంక బిల్లు ఏం తగ్గుద్దన్నా?

ఒంగోలు_హెచ్‌వీఏసీ:
ఎంత ఖర్చో లెక్క వేద్దాం, తర్వాత భయపడదాం. మే నెల రాత్రి బయట 30 డిగ్రీలు, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) 26. గదిలో 26 డిగ్రీలు, తేమ 55 శాతం. 45 ఘనపు మీటర్ల గాలిని ఆ స్థితికి తేవడానికి దాదాపు 0.4 కిలోవాట్ల శీతలీకరణ కావాలి. 1.5 టన్ను అంటే 5.3 కిలోవాట్లు, అందులో ఇది 8 శాతం లోపే. కరెంటులో చూస్తే ఎనిమిది గంటలకు ఒక యూనిట్. ఫ్యాన్ ఖర్చు ఇంకో 0.2. మీ థర్మోస్టాట్ 24 నుంచి 26కి పెంచి సీలింగ్ ఫ్యాన్ తిప్పితే ఈ ఖర్చు వెనక్కి వచ్చేస్తుంది. డిగ్రీకి 6 శాతం ఆదా అని బీఈఈ లెక్క.

అసలు బరువు వేడిలో లేదు, తేమలో ఉంది. ఆ గాలితో పాటు రాత్రికి నాలుగు లీటర్ల నీళ్ళు ఆవిరిగా లోపలికి వస్తాయి. అవి ఏసీ డ్రెయిన్ పైపు లోంచే పోవాలి. ఏసీ కాయిల్‌కు తగలకుండా చల్లటి గోడకు తగిలాయా, అక్కడ బూజు.

కావలి_విండోస్:
కిటికీల గురించి. స్లైడింగ్ రెండు రెక్కలదైతే తెరుచుకునేది సగమే. కేస్మెంట్ (తలుపులా కీలు మీద తెరుచుకునేది) అయితే 90 శాతం దాకా. మీరు పెట్టేది కేస్మెంటే అయితే మంచి నిర్ణయం. ఎకో నివాస్ సంహిత మన తీరం లాంటి వేడి తేమ ప్రాంతానికి, తెరుచుకునే భాగం నేల వైశాల్యంలో 16.66 శాతం ఉండాలని అంటుంది. అది ఇంటి మొత్తం మీద చూసే లెక్క, బయటికి తెరుచుకునే బాల్కనీ తలుపు కూడా అందులో కలుస్తుంది. అయినా 12×12 గదికి అదే పద్ధతిన చూస్తే 24 చదరపు అడుగులు. 5×4 స్లైడింగ్ కిటికీ ఇచ్చేది 10. అదే కొలత కేస్మెంట్ ఇచ్చేది 18.

ఇక దోమతెర. మెష్ వేశాక అదే కిటికీ ఇచ్చే గాలి బాగా తగ్గుతుంది, అందుకే మెష్ లెక్కలో పెట్టకుండా కిటికీ సైజు తగ్గించొద్దు. కోడూరు, తుమ్మలపెంట లాంటి తీరంలో జీఐ మెష్ ఒక వర్షాకాలానికే తుప్పు. ఫైబర్ గ్లాస్ మెష్ తీసుకోండి, స్టీలే కావాలంటే 316 గ్రేడు అడగండి. కీళ్ళు, లాకు స్క్రూలు కూడా అదే గ్రేడు. ఫ్రేము బాగుండి స్క్రూ తుప్పుపట్టి రెక్క వేలాడే కిటికీలు సముద్రం పక్క ఊళ్ళలో ఎన్నో.

వెంటిలేటర్లను ఇటుకతో మూయకండి. ఏసీ లేని ఆరేడు నెలలు స్లాబు కింద చేరే వేడి గాలి పోయేది అక్కడి నుంచే. దాని బదులు పైన కీలు, కింద గ్యాస్కెట్ ఉన్న చిన్న అద్దం రెక్క పెట్టించండి, పొడుగు కడ్డీతో తెరిచి మూసేలా. ఏసీ వేసినప్పుడు మూత, లేనప్పుడు తెరువు.

దర్గామిట్ట_పైమేడ:
వెంటిలేటర్ 9 అడుగుల 3 అంగుళాల దగ్గర మొదలవుద్ది. సీలింగ్ దానికి కిందకి పడుద్ది కదా?

కావలి_విండోస్:
ఆ గోడ వెంట రెండడుగుల వెడల్పు వదిలేసి మిగతా గదికి సీలింగ్ వేయమనండి. ఆ అంచులో లైట్లు పెట్టుకుంటే డిజైన్ అనుకుంటారు చూసేవాళ్ళు.

కోవూరు_సివిల్:
ఇంకొకటి. ఎక్స్‌పీఎస్ పైన వేశాక ఫాల్స్ సీలింగ్ అవసరం సగం తగ్గిపోతుంది. అది వేడిని కొంత ఆపుతుంది గానీ స్లాబు వేడెక్కాక వేసే అడ్డు. స్లాబు వేడెక్కకుండా పైనే ఆపడం మేలు. అందంగా ఉండాలంటే వేయండి. స్లాబు కారట్లేదని ఒక వాన చూసుకుని వేయండి. జిప్సం బోర్డు వెనక తడి చేరితే మచ్చ కనిపించేసరికి లోపల కాగితం పొర అంతా బూజు పట్టి ఉంటుంది, ఆ ముక్క కోసి మార్చడమే గతి.

ఉలవపాడు_తోట:
అన్నా, బాత్రూంలో 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎట్టాగూ ఉంటది. రాత్రంతా అది వేసి పెడితే కొత్త గాలి అదే వస్తది కదా, కొత్తగా గోడకు కన్నం ఎందుకు?

ఒంగోలు_హెచ్‌వీఏసీ:
చాలామంది చెప్పే సలహా ఇదే, మన తీరానికి సరిపడదు. రెండు కారణాలు. ఒకటి, 6 అంగుళాల ఫ్యాన్ గంటకు 200 ఘనపు మీటర్లకు పైనే లాగుతుంది. కావాల్సింది 45. చల్లగాలి అంతా పారబోసినట్టే. రెండోది దీనికన్నా ముఖ్యం. ఫ్యాన్ బయటికి లాగితే గదిలో ఒత్తిడి తగ్గి బయటి గాలి దొరికిన ప్రతి సందు లోంచి వస్తుంది. స్విచ్ బోర్డు పైపులు, ఫాల్స్ సీలింగ్ లైటు రంధ్రాలు, ఏసీ రాగి పైపు దూర్చిన కన్నం. 26 డ్యూ పాయింట్ ఉన్న గాలి ఏసీ చలికి చల్లబడ్డ బోర్డు వెనక తగిలితే అక్కడే నీరవుతుంది. చల్లటి, పొడి దేశాల్లో ఎగ్జాస్ట్ పద్ధతి నడుస్తుంది, నెల్లూరు తీరంలో గాలిని లోపలికి తోయడమే సరి. గదిలో ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉంటే సందుల్లోంచి పొడి గాలి బయటికి పోతుంది.

ఎట్టా చేయాలంటే: బయటి గోడకు ఏడెనిమిది అడుగుల ఎత్తున కోర్ కటింగ్‌తో 4 అంగుళాల కన్నం. బీము, పిల్లరు, లింటెల్ తగలకూడదు. అందులో పీవీసీ పైపు, బయటికి వాలు ఉండేలా, 9 అంగుళాల గోడలో ఒక 5 మి.మీ. చాలు. వాలు లేకపోతే తుపాను వానకు నీళ్ళు ఫ్యాన్ మీదకే వస్తాయి. బయటి కొసకు కిందికి వంగిన మూత, పురుగులు రాకుండా మెష్. లోపల 100 మి.మీ. ఇన్‌లైన్ ఫ్యాన్, దానికి ముందు విప్పి కడుక్కునే జీ4 (ముతక దుమ్ము ఆపే రకం) ఫిల్టర్ పెట్టె. ఫ్యాన్ మీద 100 నుంచి 150 ఘనపు మీటర్లు అని రాసి ఉంటే ఫిల్టర్, మెష్, వంపు పోను చేతికి 45 నుంచి 60 వస్తుంది. అంతకన్నా పెద్దది కొనొద్దు.

గాలి లోపల ఎక్కడ పడాలి? స్ప్లిట్ ఏసీ పైభాగం నుంచి గాలి పీల్చుకుంటుంది, అక్కడ. కొత్త గాలి ముందు కాయిల్ మీద తేమ వదిలి తర్వాత గదిలోకి వస్తుంది. ఏసీ చల్లగాలి వచ్చే మూతి దగ్గర పడితే మూతి రెక్కల మీద చెమట పట్టి చుక్కలు పడతాయి. గాలి బయటికి పోవడానికి తలుపు కింద 20 మి.మీ. సందు చాలు. 2.5 అడుగుల తలుపుకు అది 150 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి రబ్బరు పట్టీ కొట్టేయండి కొటేషన్ నుంచి. గదికి గడప ఉంటే తలుపు కింద కోయడం కుదరదు, పైన గాలి జాలీ పెట్టించండి.

ఏసీ ఆఫ్ చేసి కిటికీ తెరిచినప్పుడు ఈ ఫ్యాన్ అక్కర్లేదు. ఏసీ లేకుండా, కిటికీ మూసి, ఫ్యాన్ ఒక్కటే నడిపితే మాత్రం తేమ లోపలికి తోడడమే అవుతుంది.

పొదిలి_ఎలక్ట్రికల్:
ఈఆర్వీ (పోయే గాలికీ వచ్చే గాలికీ మధ్య వేడి, తేమ మార్చే యంత్రం) పెడితే తేమ కూడా ఆగుతుంది కదా సార్?

ఒంగోలు_హెచ్‌వీఏసీ:
ఆగుతుంది. బయటికి పోయే చల్లగాలితో లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తుంది, తేమ కూడా సగానికి పైగా ఆపుతుంది. కానీ పైన లెక్క చూడండి. ఒక గదికి ఖర్చే రాత్రికి ఒక యూనిట్, అందులో అర యూనిట్ మిగల్చడానికి రెండు ఫ్యాన్లు, ఒక కోర్, రెండు ఫిల్టర్లు. పది మంది కూర్చునే ఆఫీసుకో, నర్సింగ్ హోం వార్డుకో లెక్కకు వస్తుంది. ఇంటికి నేనైతే సిఫారసు చేయను.

మార్కాపురం_పలక:
మా వైపు ఈ లెక్క వేరు. కనిగిరి, గిద్దలూరు, మార్కాపురం ఏప్రిల్‌లో 40 డిగ్రీలు ఉన్నా తేమ 25 శాతం. అక్కడ కూలర్ ప్యాడ్ దాటిన గాలి 27 దాకా దిగుతుంది. అదే కూలర్ నెల్లూరులో 36 డిగ్రీలు, 60 శాతం తేమలో పెడితే 30 దాటే వస్తుంది, పైగా గదంతా జిగట చెమట. కూలర్ ఉన్న గదిని బిగిస్తే అసలే పనిచేయదు. కూలర్ ఎదురుగా కిటికీ సగం తెరిచి ఉండాలి, లేదంటే లోపలి తేమ గాలినే మళ్ళీ తడుపుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసి, తెల్లారి ఎండ పడకముందు మూసేయడం మా దగ్గర ఉచితంగా వచ్చే చల్లదనం. తీరంలో అట్టా తెరిస్తే గోడలు, పరుపులు తేమ పీల్చుకుని మరుసటి రోజు ఏసీకి రెట్టింపు పని పెడతాయి. ఇంటర్నెట్‌లో ‘రాత్రి కిటికీలు తెరవండి’ అని చదివి ఏ జిల్లాకైనా అట్టాగే అన్వయించుకోకండి.

వేదాయపాళెం_గ్యాస్:
గీజర్ మాట. ఎవరూ సగంలో ఆపకుండా చదవండి.

6 లీటర్ల ఇన్‌స్టంట్ గ్యాస్ గీజర్ దాదాపు 10 కిలోవాట్ల మంట. గంటకు 0.8 కిలోల దగ్గర ఎల్పీజీ తాగుతుంది, దానికి 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. మామూలు 5×7 బాత్రూంలో ఉండే గాలి 8 ఘనపు మీటర్లు. పది నిమిషాల స్నానానికి గదిలో గాలి ఐదో వంతు మంటకే పోతుంది, పొగ అంతా అక్కడే. ఆక్సిజన్ తగ్గే కొద్దీ మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. మనిషి కూలబడేదాకా తెలియదు.

ఇప్పటిదాకా వెంటిలేటర్ అద్దం పలకల సందుల్లోంచి గాలి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంటిని బిగిస్తే ఆ సందు పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోదా అంటారు. తలుపు కింద సందు లేకుండా ఎగ్జాస్ట్ వేస్తే గీజర్ పొగ పైకి పోకుండా కిందికే రావచ్చు. సరైన పని ఒక్కటే: గీజర్ బయట బాల్కనీ గోడకో యుటిలిటీలోకో మార్చి, వేడినీళ్ళ పైపు మాత్రం లోపలికి తీసుకోండి. సీపీవీసీ పైపు, మధ్యలో ఇన్సులేషన్ తొడుగు. అది కుదరకపోతే కరెంటు గీజర్. కూల్ రూఫ్ కన్నా ముందు ఈ పని అయిపోవాలి.

ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీ ఏసీ బెడ్రూంలో పెట్టే అలవాటుంది మన వైపు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, ఆమ్లపు తుంపర కూడా. హాల్లో కిటికీ పక్కకో వరండాకో తెచ్చేయండి.

దర్గామిట్ట_పైమేడ:
గీజర్ యుటిలిటీకి మార్చమని చెప్పేశా. చిమ్నీ గురించి ఎవరైనా చెప్పండి. మా వంటిల్లు హాలుకు తెరిచే ఉంటది.

పొదిలి_ఎలక్ట్రికల్:
పెట్టండి, తాలింపు పొగ బయటికి పోవాల్సిందే. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా దానితోనే పోతుంది. డక్ట్ లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో గాలి తిరిగి గదిలోకే వదిలే రకం కొనొద్దు. అది జిడ్డు కొంత ఆపుతుంది, వాయువులను, తేమను ఆపదు. 6 అంగుళాల డక్ట్ 6 గానే బయటి గోడ దాకా పోవాలి. మధ్యలో 4కి తగ్గించే రెడ్యూసర్ వేస్తే మోత పెరిగి గాలి సగమవుతుంది. వంపులు రెండుకు మించొద్దు, అల్యూమినియం ముడత గొట్టాన్ని బాగా సాగదీసి బిగించాలి. కొస అపార్ట్‌మెంట్ డక్ట్ షాఫ్టులో వదిలితే అది పై వాళ్ళ బాత్రూంలోకి పోతుంది.

అసలు సమస్య వేరే. చిమ్నీ గంటకు వందల ఘనపు మీటర్లు లాగుతుంటే అంత గాలి ఇంట్లోకి ఎక్కడి నుంచో రావాలి. కిటికీలన్నీ గ్యాస్కెట్‌తో మూసి ఉంటే చిమ్నీ మోత చేస్తుంది గానీ పొగ లాగదు, లేదా వాడని బాత్రూం నహానీ ట్రాప్ (నేల జాలీ కింద నీళ్ళు నిలిచే గిన్నె) నుంచి డ్రైనేజీ వాసన లాగుతుంది. ట్రాప్‌లో 50 మి.మీ. నీళ్ళుంటే దాన్ని చిమ్నీ ఛేదించలేదు. ఎండిపోయి ఉంటేనే ప్రమాదం. వాడని బాత్రూంలో వారానికో చెంబెడు నీళ్ళు పోయండి. వంట చేసేటప్పుడు స్టవ్‌కు దూరంగా ఉన్న కిటికీ జానెడు తెరవండి. స్టవ్ పక్క కిటికీ తెరిస్తే మంట ఊగి పొగ చిమ్నీకి అందకుండా పక్కకు పోతుంది. పరీక్ష కావాలంటే వెలిగించిన అగరబత్తి తలుపు సందు దగ్గర పట్టుకుని చిమ్నీ వేయండి. పొగ ఎటు వంగితే గాలి అటే పోతున్నట్టు.

ఉలవపాడు_తోట:
ఏసీ గదిలో తేమ 70 శాతం చూపిస్తుంది హైగ్రోమీటర్. ఏసీ వేసినా ఇట్టా ఎందుకు ఉంటది? కొత్త గాలి ఫ్యాన్ కూడా లేదే మాకు.

ఒంగోలు_హెచ్‌వీఏసీ:
గదికి మించిన టన్నేజీ అయి ఉంటుంది. స్లాబు మీద కోటింగ్, కిటికీలు బాగు చేశాక 1.5 టన్ను గదికి ఎక్కువైపోతుంది. గది ఇట్టే చల్లబడుతుంది, కంప్రెసర్ వేగం తగ్గుతుంది, కాయిల్ అంత చల్లగా ఉండదు. చల్లదనం వస్తుంది, నీళ్ళు తీయదు. డ్రై మోడ్ వాడండి, లేదా ఫ్యాన్ స్పీడు తక్కువలో పెట్టండి. డ్రెయిన్ పైపు లోంచి గంటకు ఎన్ని నీళ్ళొస్తున్నాయో బకెట్ పెట్టి చూడండి. కొత్త ఏసీ కొనాల్సివస్తే ఇల్లు బాగు చేయించాక టన్నేజీ లెక్క వేయించుకోండి, ముందు కాదు.

బీరువా బయటి గోడకు ఆనించి ఉంటే మూడు అంగుళాలు జరపండి. గోడ మీద తేమ రోజుల తరబడి 80 శాతం దాటితే బూజు మొలుస్తుంది, బీరువా వెనక గాలి తిరగదు కాబట్టి మొదట అక్కడే. గది మొత్తంగా 60 లోపు ఉంచితే చాలు. ఏసీ ఫిల్టర్ వేసవిలో రెండు వారాలకోసారి కడగాలి, కాయిల్ వెనక వాసన వస్తుంటే జెట్ సర్వీసు చేయించాలి. బూజు వాసనను అగరబత్తితో కప్పెట్టేవాళ్ళకు నా దగ్గర మందు లేదు.

చీమకుర్తి_రాయి:
ఒక అనుమానం. ఇల్లు బిగిస్తే గ్రానైట్ నుంచి వచ్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు లోపలే నిలుస్తుందని వీడియోల్లో చెప్తున్నారు. మా బ్లాక్ గెలాక్సీ వేసిన ఇళ్ళకు ఇబ్బందా?

కోవూరు_సివిల్:
బ్లాక్ గెలాక్సీని వాడుకలో గ్రానైట్ అంటాం గానీ భూగర్భశాస్త్రంలో అది గాబ్రో జాతి రాయి. యురేనియం తక్కువ ఉండే రకం. నేల పరిచిన పలకల వల్ల కంగారు అక్కర్లేదు. రాడాన్ ప్రధానంగా నేల లోంచి గ్రౌండ్ ఫ్లోర్‌లోకి వస్తుంది, పై పోర్షన్‌కు ఆ గొడవ ఇంకా తక్కువ. దానికన్నా మీ క్వారీ దుమ్ము పెద్ద సమస్య. క్రషర్ల వైపు గాలి తీసుకునే కన్నం పెట్టొద్దు.

కావలి_విండోస్:
కన్నం ఎటు వైపు అన్నది ఇంకొంచెం చెప్పాలి. వీలైతే తూర్పు లేదా ఆగ్నేయం, సముద్రపు గాలి వచ్చే వైపు. పడమర గోడకు వద్దు, వడగాడ్పులో అక్కడ గాలి నిప్పులా ఉంటుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్, చిమ్నీ కొస, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం, జనరేటర్, వీటికి కనీసం పదడుగుల దూరం. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్లు కాల్చే రోజుల్లో, కోతల తర్వాత గడ్డి తగలబెట్టే రోజుల్లో ఫ్యాన్ ఆపి ఉంచడమే మంచిది. జీ4 ఫిల్టర్ దుమ్ము ఆపుతుంది, సన్నని పొగను ఆపదు. పొగ ప్రాంతమైతే ఇంకా సన్నని ఎఫ్7 ఫిల్టర్ కూడా పెట్టాలి. దానికి గాలి తగ్గుతుంది, ఫ్యాన్ ఒక సైజు పెద్దది కావాలి.

మార్కాపురం_పలక:
దోమల చుట్ట గురించి ఎవరూ రాయలేదు. బిగించిన గదిలో చుట్ట వెలిగించొద్దు. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నని కణాలు) పరిమాణం 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వచ్చిన పరిశోధన తేల్చింది. పాత సందులున్న గదిలో కొంత పోయేది, గ్యాస్కెట్ కిటికీలో ఎక్కడికీ పోదు. మెష్, దోమతెర, సీలింగ్ ఫ్యాన్ చాలు.

కొత్త వార్డ్‌రోబ్, ఫాల్స్ సీలింగ్ చేయించాక కూడా ఇంతే. ప్లైవుడ్, ఎండీఎఫ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. అది తక్కువ వదిలే ఈ1 లేదా ఈ0 గ్రేడు అడగండి. పని పూర్తయ్యాక రెండు మూడు వారాలు తలుపులు, డ్రాయర్లు అన్నీ తెరిచి, కిటికీలు తీసి ఫ్యాన్లు వేసి పెట్టి, తర్వాతే పడుకోండి. ఏసీ వేసి మూసి ‘వాసన పోతుంది’ అని ఎదురుచూడొద్దు.

దర్గామిట్ట_పైమేడ:
కార్బన్ డయాక్సైడ్ మీటర్లు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకూ ఉన్నాయి, పదింతల ధరకూ ఉన్నాయి. ఏది నిజం చెప్తది?

పొదిలి_ఎలక్ట్రికల్:
బాక్సు మీద ఎన్డీఐఆర్ సెన్సార్ అని ఉండాలి, పరారుణ కాంతితో నేరుగా కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచే రకం అది. చౌకవి వాసన వాయువులను కొలిచి దాన్నుంచి కార్బన్ డయాక్సైడ్ అంచనా వేస్తాయి, దోస వేసినా శానిటైజర్ రాసుకున్నా అంకె ఎగురుతుంది. కొన్నాక మిద్దె మీద అరగంట ఉంచండి. 420 నుంచి 450 మధ్య చూపాలి. చూపకపోతే కాలిబ్రేట్ చేయండి లేదా వెనక్కి పంపండి.

దానితో గదిని ఇట్టా కొలవండి. పొద్దున లేచి బయటికొచ్చి, మీటరు లోపలే ఉంచి తలుపు మూసేయండి. ఉదాహరణకు అప్పుడు 2,200, గంట తర్వాత 1,600 అనుకుందాం. రెండింట్లోంచి 420 తీసేస్తే 1,780, 1,180. మొదటిదాన్ని రెండోదానితో భాగించి సహజ సంవర్గమానం తీస్తే 0.41. గంటకు గదిలోని గాలిలో 0.41 వంతు మారుతోందని. 37తో గుణిస్తే 15 ఘనపు మీటర్లు. కావాల్సిన 45లో మూడో వంతే. కిటికీలు మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఈ లెక్క తీస్తే ఎంత బిగిసిందో తెలిసిపోతుంది.

ఉలవపాడు_తోట:
ఫ్యాన్ బిగించాక నిజంగా 45 ఇస్తుందో లేదో ఎట్టా తెలుస్తది, దానికి వేరే మీటర్ కొనాలా?

ఒంగోలు_హెచ్‌వీఏసీ:
అక్కర్లేదు. 100 లీటర్ల చెత్త సంచి తీసుకుని గాలి మొత్తం పిండేసి, మూతిని ఫ్యాన్ గొట్టం చుట్టూ బిగించి వదలండి. 8 సెకన్లలో నిండితే గంటకు 45. 12 సెకన్లు పడితే 30, అంటే ఫిల్టర్ మూసుకుపోయిందో వంపు ఎక్కువైందో చూడాలి. 5 సెకన్లలోనే నిండితే స్పీడు తగ్గించండి, ఊరికే తేమ తెస్తోంది.

దర్గామిట్ట_పైమేడ:
బాగుందబ్బా, సంచి ఇంట్లోనే ఉంది. స్పీడు తగ్గించడానికి మామూలు సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ వాడొచ్చా?

పొదిలి_ఎలక్ట్రికల్:
తిప్పితే మెల్లగా తగ్గే డిమ్మర్ రకం వద్దు, చిన్న మోటారుకు గుయ్యిమని మోత వస్తుంది, వేడెక్కుతుంది. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం పెట్టండి. సీలింగ్ ఫ్యాన్‌ది ఈ చిన్న మోటారుకు సరిపోక మొదటి రెండు మెట్ల మీద తిరగకపోవచ్చు, మూడు నాలుగు మీద సంచి పరీక్ష చేసుకోండి. రెండు స్పీడుల ఫ్యాన్ కొనగలిగితే అసలు రెగ్యులేటర్ గొడవే లేదు. వైరు ఏసీ స్టెబిలైజర్ తర్వాత నుంచి తీసుకోకుండా, పక్కన వేరే స్విచ్ పెట్టించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఏసీ ఆగినా తలుపులు మూసి పడుకునేవాళ్ళకు, కొంత తేమ వచ్చినా సరే, గాలి కోసం ఈ ఫ్యాన్ 20 వాట్లు అప్పుడే ఎక్కువ పనికొస్తాయి.

దర్గామిట్ట_పైమేడ:
ఇన్వర్టర్ లైన్‌లో పెట్టమంటా. రేపు మేస్త్రీ వస్తున్నాడు, కోర్ కటింగ్ ఎక్కడో గోడ మీద గుర్తు పెట్టి ఫోటో పెడతా. బీము తగులుద్దేమో చూసి చెప్పండి సివిల్ సార్.

కోవూరు_సివిల్:
ఫోటో బయటి వైపు నుంచి కూడా పెట్టండి. లింటెల్ బ్యాండు గది మొత్తం తిరిగి ఉంటే ఏడడుగుల ఎత్తున కన్నం సరిగ్గా దాని మీదే పడుతుంది. 7 అడుగుల 9 అంగుళాల దగ్గర మధ్యగీత వచ్చేలా గుర్తు పెట్టించండి.